కొత్త కాలేయానికి దారి తెరిచే సూది

కాలేయ మార్పిడి అంటే కొత్త కాలేయాన్ని రోగి ఒంట్లో నాలుగు చోట్ల అతకడం. కాలేయం నుంచి గుండెకు రక్తం తీసుకెళ్లే సిర ఒకటి, పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిర ఇంకొకటి, ప్రాణవాయువున్న రక్తాన్ని మోసుకొచ్చే హెపాటిక్ ధమని మూడోది. ఆఖర్న పిత్తనాళం. గంటల తరబడి సాగే ఆపరేషన్‌లో, రక్తనాళాలన్నీ కలిపి, కాలేయం రంగు తేరి, ఆకుపచ్చని పసుపు రంగులో పైత్యరసం చుక్కలు చుక్కలుగా ఊరడం కంటికి కనిపించాక, ఆ సన్నని గొట్టానికి కుట్లు పడతాయి. నాలుగింటిలో చివరి పని అదే. తర్వాతి నెలల్లో రోగినీ, డాక్టర్లనూ ఎక్కువ తిప్పలు పెట్టేదీ తరచూ అదే.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. తిన్న కొవ్వు అరగడానికి అది కావాలి. పాత ఎర్రరక్తకణాలు విరిగినప్పుడు పుట్టే బిలిరుబిన్ ఒంట్లోంచి బయటికి పోవడానికీ అదే దారి. హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు తూముకు పూడిక అడ్డుపడితే ఆయకట్టుకు నీళ్లు అందవు, ఎగువన మాత్రం నీటిమట్టం పెరుగుతూ పోతుంది. పిత్తనాళం ఇరుకైనా జరిగేది అంతే. పేగుకు చేరాల్సిన రసం కాలేయంలోనే నిలిచి, బిలిరుబిన్ రక్తంలోకి ఎక్కుతుంది. కళ్లు పచ్చబడతాయి, మూత్రం చిక్కని పసుపులోకి మారుతుంది, మలం సున్నం కలిపినట్టు తెల్లగా పాలిపోతుంది. రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని దురద మొదలవుతుంది. నిలిచిన రసంలో సూక్ష్మజీవులు చేరితే వణుకుతో జ్వరం వస్తుంది. డాక్టర్లు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఈ వణుకు జ్వరానికే. మార్పిడి జరిగిన మనిషి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటాడు కాబట్టి, ఆ సూక్ష్మజీవులు రక్తంలోకి పాకడానికి ఎక్కువ వ్యవధి పట్టదు.

ఇంత జాగ్రత్తగా కుట్టిన నాళం ఎందుకు మూసుకుపోతుంది? కుట్టు లోపం ఒక్కటే కారణం కాదు, చాలాసార్లు అసలు కారణం రక్తం అందకపోవడం. పుట్టుకతో ఉన్న కాలేయంలో పిత్తనాళానికి వచ్చే రక్తంలో దాదాపు 60 శాతం కింది వైపు నుంచి, అంటే ఆంత్రమూలం పక్కనున్న ధమనుల నుంచి పైకి పాకుతుంది. మార్పిడిలో ఆ దారి తెగిపోతుంది. కొత్త కాలేయంతో పాటు వచ్చిన నాళం ముక్క పూర్తిగా హెపాటిక్ ధమని మీదే ఆధారపడాలి. ఆ ధమనిలో గడ్డ కట్టినా, అది ఇరుకైనా, కాలేయ కణాలు పోర్టల్ సిర రక్తంతో కొన్నాళ్లు నెట్టుకొస్తాయి గానీ పిత్తనాళాలకు ఆ ఆసరా లేదు. అవి ఎండి, ముడుచుకుని, మచ్చకట్టి మూసుకుపోతాయి. అతుకు దగ్గర మాత్రమే వచ్చే ఇరుకు ఒక రకం. కాలేయం లోపలి కొమ్మలన్నిటా అక్కడక్కడా వచ్చే ఇరుకులు ఇంకో రకం. మొదటిది నయం చేయడం సులువు, రెండోది మొండిది.

బతికున్న దాత ఇచ్చిన కాలేయ భాగంలో చిక్కు ఇంకాస్త ఎక్కువ. కుడి వైపు భాగాన్ని కోసి తీసినప్పుడు నాళం చివర రెండు మూడు మిల్లీమీటర్లే ఉండొచ్చు. ఒక్కోసారి ఒకటికి బదులు రెండు మూడు నాళాలు విడివిడిగా తేలతాయి, ఒక్కొక్కదాన్నీ కలపాలి. కాలేయ మార్పిడి తర్వాత నూటికి 10 నుంచి 30 మందికి ఏదో ఒక రకంగా పిత్తనాళం సమస్య వస్తుందని ప్రపంచమంతా చెప్పే లెక్క. ఆ లెక్కలో పై అంచున ఉండేది ఎక్కువగా బతికున్న దాతల నుంచి కాలేయం పొందినవాళ్లే. మన దేశంలో జరిగే కాలేయ మార్పిడుల్లో పెద్ద భాగం ఆ తరహావే కాబట్టి, ఈ లెక్క మనకు మరీ దగ్గరిది.

పిత్తనాళం తిప్పలు మార్పిడి మొదలైన రోజుల నుంచీ ఉన్నవే. అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ 1963లో మనిషికి తొలిసారి కాలేయ మార్పిడి చేశారు. రోగి ఏడాదికి మించి బతికిన తొలి విజయం 1967లో వచ్చింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ మొదలుపెట్టారు. ఆ తొలి ఏళ్లలో పైత్యరసం కారిపోయి, చీము పట్టి చనిపోయినవాళ్లు చాలామంది. అప్పట్లో నాళం చెడితే మళ్లీ పొట్ట కోయడమే దిక్కు. మొదటి ఆపరేషన్ మచ్చల మధ్య, బలహీనపడ్డ మనిషికి రెండో ఆపరేషన్ ఎంత గండమో చెప్పక్కర్లేదు. ఆ గండాన్ని తప్పించినవి రెండు పద్ధతులు.

మొదటిది నోటి ద్వారా వెళ్లే ఎండోస్కోపీ దారి, ఈఆర్‌సీపీ. ఈ విద్యలో హైదరాబాద్ పేరు ప్రపంచానికి తెలిసేలా చేసినవారు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వ్యవస్థాపకులు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. దాత నాళాన్ని రోగి సొంత నాళానికే కలిపినచోట సాధారణంగా ముందు ఈ దారినే ప్రయత్నిస్తారు. స్కోపు ఆంత్రమూలం దాకా వెళ్లి, కింది నుంచి నాళంలోకి స్టెంట్ పెడుతుంది.

కానీ అందరికీ ఆ దారి ఉండదు. పిత్తనాళాలు సరిగా ఏర్పడకుండా, మూసుకుపోయి పుట్టే పిల్లలను తీసుకోండి. వాళ్లకు కలపడానికి సొంత నాళమే ఉండదు. అందుకని చిన్నపేగు కొసను పైకి లాగి, కొత్త కాలేయం నాళాన్ని దానికే కుడతారు. మన ఉస్మానియా ఆసుపత్రిలో 2024లో తల్లి కాలేయంలోంచి కొంత భాగం తీసి మూడేళ్ల బాబుకు అమర్చింది ఈ జబ్బుకే. ఇలాంటి అతుకు దగ్గరికి నోటి నుంచి స్కోపు చేరాలంటే పొడవాటి పేగు మెలికలన్నీ దాటాలి, చాలాసార్లు అది కుదరదు. పెద్దవాళ్లలోనూ కొందరికి ఇదే అతుకు వేయాల్సి వస్తుంది. కొందరిలో నాళం ఎంత బిగుసుకుపోతుందంటే కింది నుంచి తీగ దూరదు. అప్పుడు రోగిని ఇంటర్వెన్షనల్ రేడియాలజీ విభాగానికి పంపుతారు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ బొమ్మలు చూస్తూ సూదితో వైద్యం చేసే డాక్టర్లు వీళ్లు. రెండో పద్ధతి వీళ్లదే: దారి పై నుంచి కిందికి, చర్మం మీదుగా కాలేయంలోకి.

ఈ దారి పాతదే. 1937లో హనోయ్‌లో ఇద్దరు వైద్యులు కాలేయంలోకి సూది పంపి, ఎక్స్‌రేలో కనిపించే డై ఎక్కించి, పిత్తనాళాలకు ఎక్స్‌రే తీశారు. కానీ లావు సూదులతో రక్తస్రావం భయం ఉండేది. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ ఒక చిన్న కిటుకు చెప్పారు: ముందు సూది, సూదిలోంచి తీగ, సూది తీసేసి తీగ మీదుగా గొట్టం. నేడు ఈ విభాగంలో జరిగే దాదాపు ప్రతి చికిత్సకూ ఆ కిటుకే పునాది. 1964లో అమెరికా డాక్టర్ చార్లెస్ డాటర్, ఆపరేషన్ లేకుండానే ఒక వృద్ధురాలి కాలి ధమనిని వెడల్పు చేసి చూపించారు. 1970లలో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయం నుంచి ఒకుడా బృందం సన్నని, వంగే సూదిని తెచ్చింది. మిల్లీమీటరులో ముప్పావు వంతు కూడా మందం లేని ఆ సూదిని నేటికీ చిబా సూది అనే పిలుస్తారు.

ఈ చికిత్స జరిగే క్యాథ్ ల్యాబ్‌లో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ముందురోజే రక్తం గడ్డకట్టే పరీక్షలు, ప్లేట్‌లెట్లు చూస్తారు. పిత్తనాళాల బొమ్మ తీసే ఎంఆర్‌సీపీ స్కాన్‌లో ఇరుకు ఎక్కడుందో గుర్తిస్తారు. సూది పెట్టకముందే యాంటీబయాటిక్ ఎక్కుతుంది. రోగి మత్తులో వెల్లకిలా పడుకుంటాడు. కుడి పక్కటెముకల మధ్య నుంచి గానీ, రొమ్ము ఎముక కింద నుంచి గానీ, చర్మానికి తిమ్మిరి మందు ఇచ్చి చిబా సూదిని కాలేయంలోకి పంపుతారు. మామూలు కామెర్లలో నాళాలు ఉబ్బి పెద్దగా కనిపిస్తాయి, సూదికి సులువుగా దొరుకుతాయి. మార్పిడి కాలేయంలో మాత్రం నాళం మూసుకుపోయినా లోపలి కొమ్మలు పెద్దగా ఉబ్బకపోవచ్చు. కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల కొమ్మను వెతికి పట్టాలి. దాని పక్కనే ధమని, పోర్టల్ సిర జంటగా ఉంటాయి.

డాక్టరు సూదిని మెల్లగా వెనక్కి లాగుతూ కొద్దికొద్దిగా డై వదులుతారు. కళ్లన్నీ తెర మీదే. డై గభాలున కొట్టుకుపోయి మాయమైతే సూది రక్తనాళంలో ఉన్నట్టు. అక్కడే నిలిచి, మెల్లగా కొమ్మల్లా పాకుతూ కిందికి జారితే పిత్తనాళం దొరికినట్టు. ఈ తేడాను ఒక్క క్షణంలో పసిగట్టడం ఏళ్ల అనుభవం మీద వచ్చే నేర్పు. ఆ తర్వాత వెంట్రుకంత సన్నని తీగ, దాని మీద గొట్టం, ఆపై కాస్త లావుపాటి నునుపు తీగ. కొస వంగిన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుతూ, అతుకు దగ్గరి ఇరుకులో సందు వెతుకుతారు. కొన్నిసార్లు నిమిషంలో దొరుకుతుంది. కొన్నిసార్లు ఎంతకీ దొరకదు. అప్పుడు పట్టుబట్టకుండా, ఆ రోజుకు పైత్యరసం బయటి సంచిలోకి పోయేలా గొట్టం పెట్టి ఆపేస్తారు. నాలుగు రోజుల్లో వాపు తగ్గాక అదే తీగ సులువుగా దిగిన సందర్భాలు ఎన్నో. ఆగడం తెలిసిన డాక్టరు చేతిలోనే రోగి క్షేమంగా ఉంటాడని నా అభిప్రాయం.

తీగ దాటాక బెలూన్ వంతు. ఇరుకు దగ్గర బెలూన్‌ను డై కలిపిన నీళ్లతో నింపుతారు. తెర మీద బెలూన్ నడుము బిగించినట్టు మధ్యలో నొక్కుకుని కనిపిస్తుంది. పీడనం పెంచుతూ పోతే ఆ నొక్కు తగ్గి, చివరికి బెలూన్ నిటారుగా నిలుస్తుంది. అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. మచ్చకట్టిన కండ మళ్లీ ముడుచుకోవాలనే చూస్తుంది. అందుకే ఇరుకుకు పైనా కిందా రంధ్రాలున్న గొట్టాన్ని ఇరుకు గుండా పేగు దాకా దించి, ఒక కొసను చర్మం బయట ఉంచుతారు. రసం లోపలే పేగుకు పారుతుంది, గొట్టం నాళాన్ని తెరిచి పట్టుకుంటుంది. కొన్ని వారాలకోసారి గొట్టం మార్చాలి, బెలూన్ మళ్లీ వేయాలి, గొట్టం లావు క్రమంగా పెంచాలి. ఇలా కొన్ని నెలలు. చివరికి గొట్టం ఉండగానే డై వేసి చూసి, రసం అడ్డు లేకుండా పేగులోకి దిగుతోందనీ రక్తపరీక్షలు మామూలుగా ఉన్నాయనీ తేలాకే తీసేస్తారు. చాలామందికి రెండో ఆపరేషన్ తప్పుతుంది. కొందరికి ఇరుకు తిరిగొస్తుంది, మళ్లీ మొదలుపెట్టాలి.

ఈ విభాగం పని అంతటితో ఆగదు. అతుకు నుంచి రసం కారి పొట్టలో గుంటగా చేరితే అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో దాన్ని బయటికి తీస్తారు. అసలు కారణం హెపాటిక్ ధమని ఇరుకైతే, గజ్జ దగ్గరి ధమని నుంచి వెళ్లి అక్కడ బెలూన్ వేస్తారు లేదా స్టెంట్ పెడతారు. మార్పిడి తర్వాత మాటిమాటికీ డాప్లర్ స్కాన్ తీయడం ఆ ధమనిని కనిపెట్టి ఉండటానికే. నాళం పూర్తిగా తెగినట్టు మూసుకుపోయి తీగ అసలు దూరనిచోట, జపాన్‌లో రూపొందిన ఒక పద్ధతి ఉంది: చర్మం దారిలో ఒక అయస్కాంతం, ఎండోస్కోపీ దారిలో ఇంకో అయస్కాంతం పంపుతారు. మచ్చకు అటూ ఇటూ అవి ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యనున్న కండను కొన్ని వారాల్లో అరగదీసి కొత్త సందు చేస్తాయి. అన్ని ఆసుపత్రుల్లో ఇది దొరకదు. కాలేయం లోపలి కొమ్మలన్నీ చెడితే మాత్రం గొట్టాలతో కొంతకాలం గడపగలమే గానీ, చివరికి మళ్లీ మార్పిడి తప్పకపోవచ్చు.

సూది వైద్యమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. రక్తస్రావం కావచ్చు, గొట్టం వేసిన రోజే వణుకు జ్వరం రావచ్చు. సంచిలోకి ఎక్కువ రసం పోతే ఒంట్లో నీరు, లవణాలు తగ్గుతాయి. ఈ వివరాలన్నీ సంతకం పెట్టే ముందు డాక్టరును అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

ఇక ఇంటి సంగతి. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీద ఎల్బీ నగర్ దాటి పెద్దాసుపత్రికి వెళ్లిరావడం ఒక పూట పని. గొట్టం మార్పించుకోవడానికి నెలల తరబడి అలా తిరగాలి. మిగతా రోజులన్నీ చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. చేతులు సబ్బుతో కడుక్కుని, చెప్పినన్నిసార్లు సిరంజితో సెలైన్ మెల్లగా గొట్టంలోకి పంపాలి, వెనక్కి లాగకూడదు. కట్టు తడవకూడదు. సంచి ఉంటే రోజుకు ఎంత రసం వచ్చిందో, ఏ రంగులో ఉందో నోటుబుక్కులో రాసిపెట్టాలి. నిన్నటిదాకా బాగా వచ్చి ఇవాళ హఠాత్తుగా ఆగినా, ఎర్రగా వచ్చినా, గొట్టం జారినా వెంటనే ఫోన్ చేయాలి. జారిన గొట్టాన్ని ఇంట్లో లోపలికి తోయకూడదు.

మన పల్లెల్లో కామెర్లనగానే పసరు మందు, పథ్యం, కొన్నిచోట్ల చేతికి వాత కూడా ఉన్నాయి. మార్పిడి చేయించుకున్న మనిషికి ఇవేవీ పనికిరావు. ఇరుకైన నాళాన్ని ఏ పసరూ వెడల్పు చేయలేదు. అందులోని తెలియని పదార్థాలు రోజూ వేసుకునే మందుల ప్రభావాన్ని తారుమారు చేయొచ్చు, కాలేయాన్ని దెబ్బతీయొచ్చు. అలా వృథా అయిన వారం రోజుల్లో మామూలు ఇరుకు కాస్తా రక్తంలో విషంగా మారొచ్చు.

తెలంగాణలో 2013 నుంచి జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం మరణానంతర అవయవదానాన్ని నడుపుతోంది. నిమ్స్, ఉస్మానియా వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆరోగ్యశ్రీ కింద కాలేయ మార్పిడి చేస్తున్నారు. ఆ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. తర్వాత వచ్చే నాళం చికిత్సకు ఏ మేరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి పెట్టుకోండి. మార్పిడి చేసిన ఆసుపత్రి కోఆర్డినేటర్ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి. దురద, పచ్చని కళ్లు, పాలిపోయిన మలం కనిపిస్తే అదే రోజు ఆ నంబరుకు ఫోన్ చేయండి. వణుకుతో జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి చెప్పి బయలుదేరండి, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.