దీవి నుంచి దీవికి

పూర్వం అండమాన్ దీవుల పేరు చెబితే పెద్దవాళ్ళు సైతం హడలిపోయేవారు. ఇంగ్లీషువాళ్ళు తమను ఎదిరించినవారిని పట్టుకుని, ఓడ ఎక్కించి, బంగాళాఖాతం దాటించి, అక్కడి సెల్యులార్ జైలులో పడవేసేవారు. ఆ జైలును 1896లో కట్టనారంభించి 1906లో ముగించారు. దాని ఏడు శాఖలలో ఇప్పుడు మూడే మిగిలి ఉన్నాయి. ఆ శిక్షకు జనం "కాలాపానీ" అని పేరు పెట్టారు. అటువంటిది, ఇప్పుడు అదే సముద్రం దాటి ఆ దీవులను చూడాలని జనం సెలవుల కోసం కాచుకుని ఉంటారు!

"అంత దూరం మనవల్ల అవుతుందా? బోలెడు డబ్బు కావద్దూ?" అని మీ అమ్మా నాన్నా అనవచ్చు. డబ్బు కొంత కావలసిందే. కాని దీవులలో తిరగటానికి ధనవంతుల దారి ఒకటీ, మామూలువాళ్ళ దారి ఒకటీ ఉన్నాయి. రెండోది చాలా తేలిక. అక్కడివాళ్ళు ఎలా తిరుగుతారో మనమూ అలాగే తిరగటం!

అండమాన్, నికోబార్ దీవులు చిన్న చిన్న రాతిగుట్టలతో సహా 836 ఉన్నాయి. 2011 జనాభా లెక్కలనాడు వాటిలో 31 దీవులలో మాత్రమే మనుషులు కాపురముంటున్నారు. ముఖ్యపట్టణమైన పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. చెన్నై నుంచి అక్కడికి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలో కూడా వెళ్ళవచ్చు. సుమారు మూడు రోజులు పడుతుంది. విశాఖ నుంచి ఓడలు తరుచుగా ఉండవు గనక తేదీలు ముందుగానే తెలుసుకోవాలి. ఓడలో అన్నిటికన్నా చౌక అయినది బంక్ తరగతి. అందులో రైలు బెర్తుల లాగా ఒకదానిపైన ఒకటి పడకలుంటాయి.

కొందరికి ఓడలో కడుపు తిప్పుతుంది. ఎందుకో తెలుసా? మన చెవి లోపల ఒంటి కదలికను కనిపెట్టే భాగం ఒకటున్నది. ఓడ ఊగుతూంటే అది "మనం కదులుతున్నాం" అంటుంది. గదిలో కూర్చుని గోడను చూసే కళ్ళు "అబ్బే, కదలటం లేదు" అంటాయి. ఈ తగవు తెగక కడుపు తిప్పుతుంది. అప్పుడు ఓడ పైకి వచ్చి, ఆకాశమూ సముద్రమూ కలిసే చోటును చూస్తూ నిలబడితే, కళ్ళూ చెవీ రాజీ పడతాయి.

దీవులకు చేరగానే ఒక వింత కనిపిస్తుంది. అక్కడ పొద్దు మనకన్నా ముందు పొడుస్తుంది, ముందు గూకుతుంది. మన దేశమంతటా గడియారాలు ఒకే కాలం చూపుతాయి. ఆ కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడ సమీపాన పోతున్నది. శ్రీవిజయపురం ఆ రేఖకు పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు తేడా గనక, ఆ రేఖ మీద ఉన్నవారికన్నా అక్కడివారికి సూర్యుడు సుమారు 41 నిమిషాల ముందే నడినెత్తికి వస్తాడు. జూన్ నెలలో తెల్లవారి 5 గంటలకే ఎండ వస్తుంది. డిసెంబరులో సాయంత్రం 5 దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. ఆలస్యంగా లేచేవాడు సగం రోజు పోగొట్టుకుంటాడన్నమాట.

మొదటి సముద్రయానం ఊళ్ళోనే చేయవచ్చు. ఛాథం అనే చిన్న దీవిలో 1883లో పెట్టిన రంపపు మిల్లు ఉన్నది. దాని పక్క రేవు నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌కు బల్లకట్టు లాంటి పెద్ద పడవ పోతుంది. మనుషులతోపాటు బస్సులూ, లారీలూ కూడా అందులో ఎక్కుతాయి. మనిషికి కొద్ది రూపాయలే. ఆవల ఒక కొండ ఉన్నది. దాని పాత పేరు మౌంట్ హేరియట్, 2021 నుంచి మౌంట్ మణిపూర్. పాత ఎర్ర 20 రూపాయల నోటు దొరికితే వెనక్కు తిప్పి చూడండి. దాని మీద కొబ్బరిచెట్లూ, సముద్రమూ, దీపస్తంభమూ ఉంటాయి. ఆ దృశ్యం ఈ కొండ దారి నుంచి కనిపించేదే!

దారి అడగటానికి మీకు భయం అక్కరలేదు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మందికి మాతృభాష తెలుగే.

ఇక అసలైన ప్రయాణం. శ్రీవిజయపురం నుంచి నీల్, హేవ్‌లాక్ దీవులకు ప్రభుత్వపు ఓడలు పోతాయి. 2018లో నీల్‌కు షహీద్ ద్వీపమనీ, హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీపమనీ పేర్లు పెట్టారు. చల్లగా, వేగంగా పోయే ప్రైవేటు ఓడలు కూడా ఉన్నాయి గాని వాటి టిక్కెట్టు ఖరీదు ఎక్కువ. ప్రభుత్వపు ఓడ రెండు గంటల పైన తీసుకుంటుంది. ఆ ఓడ ఎక్కితే మీ పక్కన ఎవరు కూర్చుంటారో తెలుసా? పట్నంలో చదువుకుంటూ సెలవులకు ఇంటికి పోయే కుర్రవాడు, వైద్యం చేయించుకుని తిరిగి వచ్చే ముసలమ్మ, కూరగాయల గంపలతో రైతు. మనకు అది విహారనౌక. వాళ్ళకు అది ఊరి బస్సు. వాళ్ళ కోసమే ప్రభుత్వం దానిని చౌకగా నడుపుతున్నది. అందుచేత రద్దీగా ఉన్నప్పుడు రోగికీ, పసిబిడ్డ తల్లికీ చోటివ్వటం మన విధి. వాళ్ళు ఇవాళ పోలేకపోతే పని చెడుతుంది. మనం రేపైనా పోవచ్చు.

నీల్ దీవిలో ఊళ్ళ పేర్లు వింటే మీకు నవ్వు వస్తుంది. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్! హేవ్‌లాక్‌లోనేమో గోవిందనగర్, కృష్ణనగర్, రాధానగర్. దేశవిభజన తరవాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు ఈ రెండు దీవులలో అడవి కొట్టి, పొలాలు చేసుకుని స్థిరపడ్డారు. నీల్ దీవిని ఒక సైకిలు అద్దెకు తీసుకుని ఒక పూటలో చుట్టి రావచ్చు. సీతాపూర్‌లో సూర్యోదయమూ, లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయమూ చూడటానికి కానీ ఖర్చు లేదు.

లక్ష్మణ్‌పూర్ దగ్గిర సముద్రం రాతిని తొలిచి కమానులాంటి వంతెన చేసింది. దాని దగ్గిరికి ఆటు సమయంలోనే పోవాలి. చంద్రుడి ఆకర్షణవల్ల సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పొంగటం పోటు, తగ్గటం ఆటు. చంద్రుడు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు గనక ఆటుపోట్ల వేళ కూడా అలాగే మారుతుంది. పున్నమికీ అమావాస్యకూ సూర్యుడూ చంద్రుడూ కలిసి లాగటంచేత నీరు మరీ వెనక్కు పోతుంది. అప్పుడు రాళ్ళ మధ్య గుంటలలో రంగురంగుల చేపపిల్లలు చిక్కుకుని కనిపిస్తాయి. వేళ తెలియాలంటే అక్కడి జాలరి నడిగితే చాలు.

తిండి సంగతి. బియ్యమూ, పప్పులూ, ఉల్లిపాయలూ చాలావరకు ఓడలో రావాలి గనక ప్రియం. చేపలూ, కొబ్బరిబోండాలూ, అరటిపళ్ళూ అక్కడివే. రేవు దగ్గిరి చిన్న పూటకూళ్ళ హోటళ్ళలో చేపల కూరా అన్నమూ తింటే డబ్బు మిగులుతుంది.

కాని కొన్ని వస్తువులు ఊరికే దొరికినా తీసుకోరాదు. ఒడ్డున పడి ఉన్న గవ్వ మీకు బొమ్మ, ఒక జాతి పీతకు ఇల్లు. మెత్తని పొట్టను దాచుకోవటానికి అది ఖాళీ గవ్వలు వెతుక్కుంటుంది. పగడం రాయి కాదు, ప్రాణులు కట్టుకున్న గూడు. కొన్ని పగడాలు ఏడాదికి ఒక్క సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఒక్క అడుగు వేసి విరిచిన కొమ్మ తిరిగి పెరగటానికి మీ బాల్యమంతా పట్టవచ్చు. పగడాలను పట్టుకుపోవటం చట్టరీత్యా నేరం కూడా. మంచినీళ్ళ సంగతీ అంతే. అక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయినా చిన్న దీవులలో పెద్ద నదులు ఉండవు, వాననీరు త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. అందుచేత వేసవిలో నీటికి కటకట. అతిథి పోసుకునే ప్రతి చెంబూ ఎవరి ఇంటి బిందెలోదో.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నది. 1858లో ఇంగ్లీషువాళ్ళు ఖైదీల స్థావరం పెట్టేనాటికి గ్రేట్ అండమానీ ప్రజలు కొన్ని వేలమంది ఉండేవారు. బయటివారు తెచ్చిన రోగాలు వారిని తుడిచిపెట్టాయి. 1961 లెక్కలలో మిగిలినవారు 19 మంది! అందుకనే ఇప్పుడు ఉత్తర సెంటినెల్ దీవి సమీపానికి ఎవరినీ పోనివ్వరు. జారవాలు నివసించే అడవి గుండా రోడ్డున్నది. వాహనాలు పోలీసు కాపలాతో బారులు తీరి పోతాయి. దారిలో ఆగరాదు, ఫొటోలు తీయరాదు, తినుబండారాలు విసరరాదు. వారు వింతలు కారు, తమ ఇంట్లో తాము ఉంటున్న మనుషులు.

చివరి మాట. దీవులకు పోయేటప్పుడు చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. కాని ఎప్పుడైనా గాలి లేస్తే ఓడలు ఆపేస్తారు. తొందరపడేవాడు కసురుకుంటాడు, ఎక్కువ డబ్బిచ్చి వేరే ఓడ వెతుకుతాడు, అదీ దొరకదు. దీవివాళ్ళు మాత్రం రేవులో మూటలు దించుకుని, కబుర్లు చెప్పుకుంటూ, ఆకాశం వంక చూస్తూ కూర్చుంటారు. మీరూ వాళ్ళ పక్కన చేరి కూర్చోండి. సముద్రం శాంతించాక ఓడ వాళ్ళను ఎక్కించుకుంటుంది, మిమ్మల్నీ ఎక్కించుకుంటుంది.