ఉబ్బసానికి ఉసిరికాయా, మాత్రలా, పంపా?

"సిస్టర్, యాంటీ ఆక్సిడెంట్లు వాడితే దమ్ము తగ్గిపోతుందట, ఇక పంపు మానేయొచ్చా?" ఈ మధ్య ఓ.పి.లో ఈ ప్రశ్న తరచుగా వింటున్నాం. మందుల షాపులో రంగురంగుల డబ్బాలు చూసి కొందరు, ఫోనులో వీడియోలు చూసి కొందరు అడుగుతున్నారు. అడిగేవారితో ఇబ్బంది లేదు, కూర్చోబెట్టి చెబుతాం. అడగకుండానే పంపు అల్మారాలో పెట్టేసి మాత్రలు మొదలుపెట్టేవారి గురించే మా భయమంతా.

ముందు ఉబ్బసంలో లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లే గొట్టాలు బిగుసుకుపోతాయి, అందుకే పిల్లికూతలు వినిపిస్తాయి. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, ఆయాసం లేని రోజుల్లో కూడా ఆ గొట్టాల లోపలి పొర వాచి, ఎర్రబడి, జిగురు ఊరుతూ ఉంటుంది. ఆ వాపు ఉన్నచోటికి ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గుంపుగా చేరి ఫ్రీ రాడికల్స్ అనే పదార్థాలను వదులుతాయి. ఇవి దగ్గరున్న కణాల పొరలను దెబ్బతీస్తాయి. దానితో వాపు ఇంకా పెరుగుతుంది.

కోసిన ఆపిల్ ముక్క గాలికి నల్లబడటం చూశారు కదా. దానికి నిమ్మరసం రాస్తే అంత త్వరగా నల్లబడదు. నిమ్మలోని విటమిన్ సి అక్కడ చేసే పనే యాంటీ ఆక్సిడెంట్ పని. మన శ్వాసనాళాల లోపల కూడా ఒక పలుచని నీటిపొర ఉంటుంది. అందులో గ్లూటాథయోన్, విటమిన్ సి వంటివి కాపలా కాస్తుంటాయి. ఉబ్బసం ఉన్నవారి నీటిపొరలో విటమిన్ సి తక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. తక్కువైనదాన్ని మాత్రతో నింపేస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఉప్పల్, నాచారం వాళ్లకు ఈ కాపలా ఇంకా ఎక్కువ అవసరం. డీజిల్ పొగ, దానిలోని నైట్రోజన్ డయాక్సైడ్, ఎండాకాలం మధ్యాహ్నాల్లో పెరిగే ఓజోన్ మన గొట్టాల్లోకి నేరుగా వెళ్లి అదే దెబ్బ కొడతాయి. రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ బస్సుల కోసం నిలబడేవారికి, 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన నారపల్లి ఫ్లైఓవర్ పనుల దుమ్ములో రోజూ తిరిగినవారికి, నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో చలిగాలిలో ఈ పొగ పైకి పోలేక మన ముక్కుల ఎత్తులోనే నిలిచిపోతుంది. ఆ నెలల్లో తెల్లవారుజామున వాకింగ్‌కు వెళ్లేకంటే ఎండ వచ్చాక వెళ్లడం మేలు. ఇంట్లో దోమల కాయిల్, అగరుబత్తి, బాల్కనీలో నాన్నగారి సిగరెట్ సంగతి వేరే చెప్పాలా?

ఇక తిండి విషయం. మనకు దగ్గర్లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో ఏ కూరగాయలో ఏముందో లెక్కగట్టి చెప్పేది వాళ్లే. వాళ్ల లెక్కల్లో 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. ఖరీదైన కమలాపండులో అందులో సగం కూడా ఉండదు. ఉసిరికాయ జామను కూడా మించినది. మునగాకు, తోటకూర, గోంగూర, కరివేపాకు, టమాటా, ఇవన్నీ అంగడిలో దొరికేవే. ఆకుకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే విటమిన్ సి కూడా దానితోపాటే పోతుంది. చెంచాడు నూనె తగిలితే ఆకులోని కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది. కాబట్టి పప్పులో వేసి పోపు పెట్టే మన పద్ధతి మంచిదే.

అయితే మన ఇళ్లలో జరుగుతున్నది వేరు. పిల్లవాడికి దమ్ము ఉందని తెలియగానే జామపండు బంద్, కమలాపండు బంద్, "చలువ చేస్తుంది" అని చలికాలమంతా పండే లేదు. ఎంతో ప్రేమతోనే చేస్తారు, కాదనం. కాని పొగ ఎక్కువ ఉండే నెలల్లోనే పిల్లవాడి కాపలా తీసేసినట్టవుతుంది. ఫలానా పండు తిన్న ప్రతిసారీ దద్దుర్లు, వాంతులు, ఆయాసం వస్తే అది ఒక్కటి మానిపించి డాక్టరుగారికి చెప్పండి. లేకపోతే ఫ్రిజ్‌లోంచి తీసినది కాకుండా మామూలుగా ఉన్న పండు నిరభ్యంతరంగా పెట్టండి.

తిండితో నిజంగా తేడా ఉంటుందా? ఆస్ట్రేలియాలో ఉబ్బసం ఉన్న 137 మంది పెద్దవారిపై జరిపిన పరిశోధన 2012లో వెలువడింది. కొందరికి రోజూ కూరగాయలు, పండ్లు బాగా పెట్టారు, మిగిలినవారికి తగ్గించారు. తగ్గించినవారిలో ఉబ్బసం తిరగబెట్టే అవకాశం రెండింతలకు మించి కనిపించింది. అదే పరిశోధనలో టమాటా సారం తీసి గోలీలుగా కూడా ఇచ్చి చూశారు. గోలీతో లాభం కనిపించలేదు! మెక్సికో నగరంలో పొగ మధ్య బతికే ఉబ్బసం పిల్లలకు విటమిన్ సి, ఇ ఇస్తే ఓజోన్ దెబ్బ కొంత తగ్గిందని 2002లో తేలిన మాట నిజమే. కాని ఆ పిల్లలు తమ మామూలు మందులు మానలేదు. మొత్తం మీద ఈ మాత్రలతో ఉబ్బసం అదుపులోకి వస్తుందని చెప్పడానికి ఇప్పటికీ తగిన రుజువు లేదు.

పైగా "విటమినే కదా, నష్టమేముంది" అనుకోకూడదు. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవారిపై జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. క్యారెట్ తింటే అలా కాదు, ఎక్కువ మోతాదు మాత్రతో వచ్చిన చిక్కు అది. విటమిన్ సి మితిమీరితే కిడ్నీలో రాళ్లు, విటమిన్ ఇ మితిమీరితే రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి రక్తస్రావం కావచ్చు.

అసలు వాపును తగ్గించే మందు పంపులోనే ఉంది. నీలం రంగు పంపు సాధారణంగా గొట్టాన్ని వదులు చేసేది. నిమిషాల్లో హాయిగా ఉంటుంది కాబట్టి అందరికీ అదే ఇష్టం. కాని అది వాపును ముట్టుకోదు. వాపును తగ్గించేది స్టెరాయిడ్ ఉన్న రెండో పంపు. ఆయాసం లేని రోజున కూడా వాడవలసింది అదే, మనవాళ్లు మొదట మానేసేదీ అదే. స్టెరాయిడ్ అనగానే భయపడతారు. పీల్చేటప్పుడు ఒక మోతాదులో ఉండేది 200 మైక్రోగ్రాముల లాంటి కొలత. ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేరితే ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. చిన్నదానికి భయపడి పెద్దదాన్ని తెచ్చుకోవడమే అవుతుంది. పంపు అలవాటైపోతుందన్న మాట కూడా నిజం కాదు. కళ్లజోడు పెట్టుకునేవారిని అలవాటు పడ్డారంటామా?

ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో మన దేశంవారు సుమారు 13 శాతం. ఉబ్బసంతో చనిపోయేవారిలో మాత్రం 40 శాతానికి పైగా మనవారే. వాపు తగ్గించే పంపు వాడకపోవడం దీనికి పెద్ద కారణాల్లో ఒకటి. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం బారులు తీరే వేలమందిలో మన చుట్టుపక్కలవారూ ఉంటారు. వెళ్లవద్దని గొడవపడటం మా పని కాదు. వెళ్లినా పంపు జేబులో ఉండాలి, వచ్చాకా ఆపకూడదు. ఇంతే మేము అడిగేది.

ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ, విటమిన్ డబ్బాలతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. పంపు ఎలా పీలుస్తున్నారో మా సిస్టర్ల ముందు ఒకసారి పీల్చి చూపించండి. పీల్చే యంత్రంలో పెట్టవలసిన క్యాప్స్యూల్‌ను నీళ్లతో మింగేవారు ఇప్పటికీ వస్తున్నారు, సిగ్గుపడనక్కర్లేదు. స్టెరాయిడ్ పంపు పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది. మాట పూర్తిగా రానంత ఆయాసం, పెదవులు నీలబడటం, నీలం పంపుతో కూడా ఉపశమనం లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోను చేయండి.