మట్టి యింటి కథ వ్రాసిన ప్రవాసి

ఓలే రోల్వాగ్ పేరు మన పాఠకులలో చాలామందికి కొత్తదే కావచ్చు. ఆయన 1876లో నార్వేలోని దొన్నా దీవిలో, జాలరుల కుటుంబంలో జన్మించారు. చిన్నతనముననే లోఫోటెన్ సముద్రంలో చేపల వేటకు వెళ్ళారు. 1893 నాటి తుఫాను ఆయన తోటి జాలరులను ఎందరినో పొట్టన బెట్టుకున్నది. సొంత పడవ కొనిపెట్టెదనని యజమాని చెప్పినను ఒప్పుకొనక, 1896లో బంధువు పంపిన టిక్కెట్టుతో అమెరికా చేరారు. దక్షిణ డకోటాలో పొలం పనులు చేసి, పిమ్మట చదువుకొని, 1906 నుండి మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ కళాశాలలో నార్వే భాష బోధించారు.

తొలినాటి వలసదారుల జీవితం ఆయనకు మామగారి కుటుంబం ద్వారా తెలిసినది. నార్వే రచయిత యోహాన్ బోయెర్ కూడా అదే ఇతివృత్తంతో నవల తలపెట్టినాడని విని, 1923లో సెలవు పెట్టి వ్రాతకు కూర్చున్నారు. ఆ గ్రంథమే ఆంగ్లంలో 'జెయింట్స్ ఇన్ ది ఎర్త్'. కథాకాలం 1873.

నిర్మాణరంగంలో తలపండిన మమ్ము మొదట ఆకట్టుకొన్నది అందులోని ఇల్లు. కనుచూపుమేర చెట్టన్నది లేని మైదానంలో కలప ఎక్కడిది? గడ్డి వేళ్ళు అల్లుకొన్న నేలను నాగలితో పలకలుగా కోసి, ఇటుకలవలె పేర్చి గోడలు లేపేవారు. ఖర్చు స్వల్పం, చలికి చక్కని రక్షణ. వాన పడితే మాత్రం కప్పు కారేది. కథానాయకుడు పేర్ హన్సా ఇంటిని, పశువుల కొట్టాన్ని ఒకే కప్పు క్రింద కట్టి, లోపలి గోడలకు సున్నం వేసి మురిసిపోతాడు.

అతని భార్య బేరెత్‌కు ఆ మురిపెం లేదు. దాగుటకు చెట్టుచాటైనా లేని ఆ మైదానమే ఆమెకు భయం. మిడతల దండు పంటపై పడిన నాడు, స్వదేశం నుండి తెచ్చుకొన్న పెట్టెలో పిల్లలతో దాగుకొంటుంది. మనోవ్యాధికి లోనైన ఈ ఇల్లాలినే నవలకు ప్రాణంగా నిలపడం మా దృష్టిలో రోల్వాగ్ గొప్పతనం. పొలమెంత పెరిగినదో భర్త చెప్పగలడు. దాని వెల ఎంతో ఆమెకే తెలుసు.

అమెరికా పౌరుడైనను ఆయన నవలలు నార్వే భాషలోనే వ్రాశారు. లింకన్ కోల్కార్డ్‌తో కలిసి చేసిన ఆంగ్లానువాదం 1927లో వెలువడినది. తరువాతి భాగంలో కొడుకు పెదెర్ ఆంగ్లంవైపు మొగ్గుతుంటే, తల్లి మాతృభాషకై పట్టుబడుతుంది. బదిలీలపై ఊరూరా తిరిగే మన క్వార్టర్లలో ఈ పేచీ ఎరుగని తల్లులెందరు? మూడవ భాగం వచ్చిన 1931లోనే, నవంబరు 5న రోల్వాగ్ కన్నుమూశారు.