టర్బో డీజిల్ పికప్: లాగుటకంటె ఆపుట ముఖ్యము

ఖరగ్‌పూర్ వద్ద 16వ, 49వ జాతీయ రహదారులు కలియుచున్నవి. సరుకు రవాణాకు పికప్ కొనువారు దానికి ట్రయిలర్ తగిలించదలచినచో కొన్ని విషయములు గమనించవలెను.

టర్బోలో పొగగొట్టమునకు పోవు వేడి వాయువులు చిన్న చక్రమును త్రిప్పును. అది సిలిండర్లలోనికి అధికముగా గాలిని నెట్టును. ఎక్కువ డీజిల్ మండి లాగుశక్తి పెరుగును. బ్రేకుల శక్తి పెరుగదు. వేగము గంటకు 30 నుండి 60 కిలోమీటర్లకు పెరిగినచో బ్రేకులు అణచవలసిన శక్తి 4 రెట్లగును.

రెండు చక్రముల ట్రయిలర్ మొత్తము బరువులో 10 నుండి 15 శాతము కొక్కెముపై పడునట్లు సరుకు సర్దవలెను. 1,500 కిలోల ట్రయిలర్‌కు ఇది 150 నుండి 225 కిలోలు. అంతమేరకు పికప్‌లో సరుకు తగ్గించవలెను. వెనుక బరువు హెచ్చినచో ట్రయిలర్ ఊగి బండి అదుపు తప్పును. బరువు లాగి వచ్చిన వెంటనే ఇంజను ఆపక, ఒకటి రెండు నిమిషములు నెమ్మదిగా తిరుగనిచ్చినచో టర్బో చల్లబడును.

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రయిలర్ కూడ మోటారు వాహనమే. దానికి వేరుగా రిజిస్ట్రేషన్ కావలెను. రిజిస్ట్రేషన్ పత్రములోని పరిమితిని మించి బరువు వేయుటను 113వ సెక్షన్ నిషేధించుచున్నది. అధిక బరువుతో ప్రమాదము జరిగినచో బీమా పరిహారము చిక్కులలో పడవచ్చును. ఋణ వాయిదాలు మాత్రము ఆగవు.

కావున, ఋణమునకు దరఖాస్తు చేయుటకు ముందే, తయారీదారు నిర్ణయించిన లాగుడు పరిమితిని డీలరునుండి వ్రాతపూర్వకముగా పొందుడు. అట్టి పరిమితి లేని పికప్‌కు ట్రయిలర్ తగిలింపరాదు.