జానెడు సందు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మా నాన్న చేతికి కొత్త వస్తువు ఏదిచ్చినా ముందు దాని పేరు అడగడు. అరచేతిలో ఆడించి బరువు చూస్తాడు, కీలు ఎక్కడుందో వెతుకుతాడు, ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని నూనె వాసన పీలుస్తాడు. మా పక్కింటి కుర్రాడు కొండలెక్కే క్లబ్బులో కొత్తగా చేరాడు. ఓ ఆదివారం వాడు సంచిలోంచి తీసి ఇచ్చిన వస్తువుకీ ఇదే మర్యాద జరిగింది. నాలుగు అల్యూమినియం రెక్కలు, కింద ఒక కాడ, కాడకి అడ్డంగా మీట. మీట వెనక్కి లాగితే రెక్కలు ముడుచుకుంటాయి. వదిలితే స్ప్రింగు తోసి మళ్లీ విచ్చుకుంటాయి. పూర్తిగా విచ్చుకుంటే జానెడుకు కాస్త తక్కువ.

"ఏటిది బాబూ, లాగితే ముడుసుకుంతంది?"

"కామ్ అంటారు పెదనాన్నా. బండ పగుల్లో పెట్టి తాడు తగిలించుకుంటాం. కాలు జారితే ఇదే ఆపుతాది."

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మనిసి పడితే తాడు కిందకి గదా లాగుతాది. మరిది ఊడి రాదేటి?"

కొండలెక్కేవాళ్లకి ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికేసరికి ఇరవయ్యో శతాబ్దం మూడొంతులు గడిచిపోయింది.

మొదట్లో వాళ్ల దగ్గర ఉన్నదల్లా మేకులు. పగుల్లో పెట్టి సుత్తితో దిగ్గొట్టడం, చెవిలోంచి తాడు పోనిచ్చి ఎక్కడం, వెనక వచ్చేవాడు మళ్లీ సుత్తితో కొట్టి పెకలించుకోవడం. అమెరికాలో యోసెమిటీ లోయ గ్రానైటుకు యూరప్ మెత్తటి ఇనుము ఆగలేదు. స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన జాన్ సలాథే అనే కమ్మరి 1940లలో గట్టి ఉక్కుతో మేకులు సాగగొట్టాడు. మేకు గట్టిపడింది గానీ బండ అరిగిపోవడం మొదలైంది. ఒకే చోట వందసార్లు కొట్టి పీకితే సన్నటి బీట కూడా వేలు పట్టే గుంట అవుతుంది.

సుత్తి లేకుండా పని జరిపించిన ఘనత బ్రిటిష్ వాళ్లది. అందులో రైల్వేకీ కాస్త వాటా ఉంది. ఇది చెప్పగానే మా నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వేల్స్‌లో స్నోడన్ కొండ మీదకి చిన్న రైలు నడుస్తుంది. 1950లలో ఆ పట్టా వెంబడి నడిచి కొండచరియలకు వెళ్లే కుర్రాళ్లు దారిలో పడి ఉన్న నట్లు ఏరుకునేవాళ్లు. లోపలి మరలు తాడును కోసేస్తాయి కాబట్టి వాటిని ఆకురాయితో అరగదీసి, కన్నంలోంచి తాడు గుచ్చి, పగులు కిందకి సన్నబడేచోట పై నుంచి జారవిడిచేవాళ్లు. కిందకి లాగేకొద్దీ నట్టు బిగుసుకుంటుంది. పని అయ్యాక పైకి ఎగదోస్తే ఊడొస్తుంది. అంతకు ముందు ఇదే పనికి జేబులో గులకరాళ్లు వేసుకుని ఎక్కేవాళ్లు. 1961లో జాన్ బ్రెయిల్స్‌ఫర్డ్ కొండల కోసమే ప్రత్యేకంగా నట్టు తయారుచేశాడు. పట్టా పక్కన దొరికిన పేరు మాత్రం పోలేదు, ఇప్పటికీ దాన్ని నట్టు అనే అంటారు.

నట్టుతో ఒక చిక్కుంది. పగులు ఎక్కడో ఒకచోట సన్నబడాలి. రెండు గోడలూ రైలు పట్టాల్లా సమాంతరంగా పోతే అది పట్టుకోవడానికి ఏమీ ఉండదు. యోసెమిటీలో మైళ్ల కొద్దీ అలాంటి పగుళ్లే. అందులోనూ వెడల్పువి.

వెడల్పు సంగతి కొలతల్లో చెప్పాలి. కొండలెక్కేవాడి కొలబద్ద మన పాతకాలపు కొలబద్దే, అంటే ఒళ్లు. వేలు పట్టే పగుల్లో వేలు దూర్చి మెలితిప్పితే ముడి బిగుస్తుంది. బెత్తెడు కన్నా తక్కువైతే అరచేయి పెట్టి బొటనవేలు లోపలికి ముడిస్తే కండ ఉబ్బి పట్టేస్తుంది. కాస్త పెద్దదైతే పిడికిలి. ఇక మనిషి మొత్తం దూరేంత సందైతే బావిలో దిగేవాడిలా వీపు ఒక గోడకి, కాళ్లు ఇంకో గోడకి తన్నిపెట్టి పోవచ్చు. ఈ రెంటికీ మధ్యన ఉన్నదే దరిద్రం. పిడికిలికి వదులు, ఒంటికి ఇరుకు, ఇంచుమించు జానెడు సందు. ఆఫ్‌విడ్త్ అంటారు. ఏ కొలతకీ రానిదని అర్థం. అందులో మోచేయి మడిచి కోడిరెక్కలా ఇరికించాలి, రెండు పిడికిళ్లు పక్కపక్కన పేర్చాలి, మోకాలు దూర్చి మడమా వేళ్లూ చెరో గోడకీ తన్నాలి. తోలు ఊడుతుంది, బట్ట చిరుగుతుంది, అరగంటకి ఆరడుగులు. చాలామంది పర్వతారోహకులు దాన్ని చూసి పక్క దారి వెతుక్కుంటారు. వాళ్లని తప్పుపట్టలేం.

అంత వెడల్పు లేని పగుళ్లలో పెట్టడానికి కూడా ఇనుము దొరికేది కాదు. 1957లో వారెన్ హార్డింగ్ యోసెమిటీలోని ఎల్ క్యాపిటన్ అనే మహాశిల మీద 'నోస్' దారి ఎక్కడం మొదలుపెట్టాడు. మధ్యలో రెండు మూడు అంగుళాల పగులు వందల అడుగులు పోతుంది. అంత లావు మేకు బజారులో లేదు. ఫ్రాంక్ టార్వర్ అనే స్నేహితుడు బర్క్‌లీ ఊరి చెత్తకుప్పలో పాత పొయ్యిల కాళ్లు ఏరుకొచ్చాడు. ఎనామిల్ పూసిన ఆ కాళ్లనే దిగ్గొట్టుకుంటూ పైకి పోయారు. 1958 నవంబర్ 12న శిఖరం చేరారు. ఆ పగులును ఇప్పటికీ పొయ్యికాళ్ల పగులనే పిలుస్తారు. తర్వాత అల్యూమినియం రేకు మడిచి పెద్ద మేకులు చేశారు. సుత్తి దెబ్బకి గుడిగంటలా మోగేవి కాబట్టి వాటి పేరే 'బాంగ్'.

నాన్న అడిగిన ప్రశ్నకి వద్దాం. సమాంతరంగా ఉన్న రెండు గోడల మధ్య, సుత్తి లేకుండా, లాగితే ఊడిరాకుండా ఏదైనా నిలబడాలంటే ఎలా? జవాబు మన తాటిచెట్టు మీదే ఉంది. గీత కార్మికుడు మోకు వేసుకుని వెనక్కి వాలతాడు. వాలేకొద్దీ పాదాలు మానుకి మరింత గట్టిగా అదుముకుంటాయి. అతన్ని పడదోయాల్సిన బరువే అతన్ని చెట్టుకి పట్టి ఉంచుతుంది. కామ్ చేసే పని కూడా ఇదే. కాడని కిందకి లాగితే రెక్కలు ఇరుసు మీద తిరుగుతాయి, తిరిగేకొద్దీ బయటికి విచ్చుకోవాలని చూస్తాయి, గోడలు అడ్డం ఉన్నాయి కాబట్టి గోడల్ని నెడతాయి. లాగుడు నెట్టుడుగా మారుతుంది, నెట్టుడుకు తగ్గ ఒరిపిడి పుడుతుంది, ఆ ఒరిపిడే లాగుడుని ఆపుతుంది.

అసలు నేర్పంతా రెక్క అంచు వంపులో ఉంది. ఇరుసు నుంచి గోడ తగిలే చోటుకి గీసిన గీత, గోడకి లంబంగా గీసిన గీతతో ఒక కోణం చేస్తుంది. కోణం ఎక్కువైతే జారిపోతుంది, మరీ తక్కువైతే గోడ పగిలేంతగా నెడుతుంది. రెక్క ఎంత ముడుచుకున్నా ఎంత విచ్చుకున్నా ఈ కోణం మారకూడదు. గుండ్రటి పలకతో అది కుదరదు. అలా కుదిరే వంపు ఒక్కటే, లాగరిథమిక్ స్పైరల్. పదిహేడో శతాబ్దంలో డెకార్ట్ దాన్ని వర్ణించాడు. జేకబ్ బెర్నూలీ దాని మీద మనసు పారేసుకుని తన సమాధి రాయి మీద చెక్కమన్నాడు. బాసెల్‌లో ఆ రాయి చెక్కిన పనివాడు చుట్ల మధ్య దూరం సమానంగా ఉండే వేరే స్పైరల్ చెక్కి పెట్టాడు. డ్రాయింగు ఒకటైతే తయారైంది ఇంకొకటి. వర్క్‌షాపులో పనిచేసినవాళ్లకి ఇది కొత్త కథ కాదు.

సోవియట్ పర్వతారోహకుడు వితాలీ అబలకోవ్ ఈ వంపుతో స్ప్రింగు లేని కామ్ చేశాడు. 1970ల మొదట్లో అమెరికాలో గ్రెగ్ లోవ్ స్ప్రింగు పెట్టి చూశాడు. దాన్ని ఒంటిచేత్తో వాడే పనిముట్టుగా మార్చినవాడు రే జార్డిన్, విమానాలూ రాకెట్ల పరిశ్రమ నుంచి వచ్చిన ఇంజినీరు. ఎదురెదురుగా తిరిగే రెండు జతల రెక్కలు, ఒకే ఇరుసు, ఒక మీట. చేత్తో బండని పట్టుకు వేలాడుతున్నవాడికి మిగిలేది ఒక్క చెయ్యే కదా. కోణం 13.75 డిగ్రీలు ఎంచుకున్నాడు. లెక్క వేసి చూడండి. ఆ కోణానికి ఒరిపిడి గుణకం పావు వంతు ఉంటే చాలు, గ్రానైటు మీద అల్యూమినియానికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇంకో సంగతి కూడా తేలుతుంది. కాడ మీద వంద కిలోల బరువు పడితే ఒక్కో గోడ మీదా రెండు వందల కిలోల నెట్టుడు పడుతుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

అమ్మకానికి వచ్చేదాకా జార్డిన్ దీన్ని సంచిలో దాచుకుని తిరిగాడు. నలుగురిలో పేరెత్తకూడదు కాబట్టి జోడీగా ఎక్కేవాడు ఒకడు "ఫ్రెండ్స్‌ని తెచ్చావా?" అని అడిగాడనీ, ఆ పేరే నిలిచిపోయిందనీ కథ. ఇంగ్లండులో మార్క్ వాలెన్స్ వైల్డ్ కంట్రీ అనే కంపెనీ పెట్టి 1970ల చివర్లో 'ఫ్రెండ్' పేరుతోనే అమ్మాడు. 1980లో అమెరికా పేటెంటు వచ్చింది. బండకి సుత్తిపోటు తప్పించిన ఈ మనిషే తర్వాత ఎల్ క్యాపిటన్ మీద రెండు పగుళ్లని కలపడానికి ఉలి పట్టుకుని గంట్లు పెట్టాడు. ఆ చోటుని ఆయన పేరుతోనే పిలుస్తారు, మెచ్చుకోలుగా కాదు.

ఫ్రెండ్‌తో వేలి పగులు, అరచేతి పగులు, పిడికిలి పగులు లొంగిపోయాయి. జానెడు సందు మాత్రం మొండికేసింది. కారణం మళ్లీ ఆ వంపే. కోణం మారకూడదంటే రెక్క పెరిగే నిష్పత్తి కూడా కట్టుబడిపోతుంది. పావు చుట్టు తిరిగితే దాదాపు ఒకటిన్నర రెట్లు, అంతే. 1980లలో వచ్చిన కామలాట్ అనే కామ్ ఒక ఇరుసు బదులు రెండు పెట్టి ఈ హద్దుని కాస్త జరిపింది. ఆ ఆదివారం మా ఇంటికొచ్చిన ఆరో నంబరు కామలాట్ సుమారు 114 నుంచి 195 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. బరువు మాత్రం అర కిలోకి పైనే. ఏ వస్తువునైనా అన్ని వైపులా రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే పెద్ద కామ్‌ల రెక్కల్ని కిటికీ చువ్వల్లా తొలిచేస్తారు. అయినా వంద అడుగుల వెడల్పు పగులు ఎక్కాలంటే నడుముకి ఇవి అరడజను వేలాడాలి. బోగీకి బోగీ తగిలించినట్టే.

కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్న క్రెగ్ లూబెన్ కామ్‌ని పక్కన పెట్టేశాడు. ఆయన చదువు ప్రాజెక్టుగా మొదలైంది 'బిగ్ బ్రో', అంటే ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు. బొత్తాం నొక్కితే లోపలి గొట్టం స్ప్రింగుతో ఎగదన్ని ఎదుటి గోడకి తగులుతుంది. మరచుట్టున్న కాలరుని బిగిస్తే ఇక వెనక్కి రాదు. మన ఇంట్లో తలుపుకి అడ్డంగా పెట్టే గడియకర్ర లాంటిదే. పెద్ద సైజువి అడుగు పైన వెడల్పుకీ సరిపోతాయి. కానీ వేలాడుతూ ఒక చేత్తో కాలరు తిప్పడం, అదీ ఇంకో చేయి కోడిరెక్కలా ఇరుక్కుని ఉండగా... ఒకసారి ఊహించుకోండి. లూబెన్ 2009లో వాషింగ్టన్ రాష్ట్రపు కొండల్లో ప్రమాదంలో పోయాడు.

యంత్రం బరువెక్కిన చోట ఇద్దరు మనుషులు తామే యంత్రాలైపోయారు. షెఫీల్డ్‌కి చెందిన టామ్ రాండల్, పీట్ విటేకర్. వైడ్ బాయ్స్ అని పేరు. అంతా తప్పించుకునే సందే వీళ్లకి కావాలి. రాండల్ ఇంటి కింది నేలమాళిగలో చెక్కలతో పగుళ్లు కట్టుకుని, తలకిందులుగా పాదాలు ఇరికించి గబ్బిలాల్లా వేలాడుతూ రెండేళ్లు సాధన చేశారు. 2011లో యూటా ఎడారిలో సెంచురీ క్రాక్ ఎక్కారు. నిజానికి అది ఎక్కడం కూడా కాదు, ఇసుకరాతి చూరు కింద వందకి పైగా అడుగుల పాటు సాగిన వెడల్పు పగుల్లో పాక్కుంటూ పోవడం. అంత కష్టమైన వెడల్పు పగులు అప్పటికి ప్రపంచంలో ఇంకోటి లేదు. పదేళ్ల తర్వాత, 2021లో, వీళ్లకి కొండ కూడా అక్కర్లేకపోయింది. ఇంగ్లండులో డెవన్ దగ్గర ఎం5 హైవే వంతెన కింద, రెండు కాంక్రీటు భాగాల మధ్య వదిలిన సందు పట్టుకుని 762 మీటర్లు తలకిందులుగా పోయారు. నాలుగు రోజులు పట్టింది. రాత్రుళ్లు వంతెనకి కట్టుకున్న మంచాల మీదే పడక.

ఇది చెప్పినప్పుడు నాన్న ఆశ్చర్యపోయింది మనుషుల గురించి కాదు. "నాలుగు రోజుల్లో ఎండకీ సలికీ ఆ సందు సైజు మారదేటి?" అన్నాడు. పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారో జీవితమంతా చూసినవాడు కదా.

మా ఊరికి కొండల వాసన బొత్తిగా లేదనలేం. ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు 2006లో 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు ఎం.టెక్ చదివింది ఇక్కడి ఐఐటీలోనే. నెల్లూరు జిల్లా పల్లె నుంచి కోరుకొండ సైనిక్ స్కూలుకీ, అక్కణ్ణుంచి జంషెడ్‌పూర్‌కీ, ఆ తర్వాత ఖరగ్‌పూర్‌కీ వచ్చారాయన. 2015లో ఆండీస్ కొండల్లో పోయారు. ఆయనది మంచు దారి, పగుళ్లది కాదు. పగుళ్లు కావాలంటే ఖరగ్‌పూర్‌లో రైలెక్కి మేదినీపూర్, బాంకురా మీదుగా ఆద్రా వైపు పోవాలి. ఛాత్నా స్టేషన్‌లో దిగితే శుశునియా కొండ దగ్గర. ఆద్రా దాటాక జయచండీ పహాడ్‌కి ఏకంగా సొంత స్టేషనే ఉంది. బెంగాలీ క్లబ్బుల వాళ్లు చలికాలంలో కుర్రాళ్లకి బండలెక్కడం నేర్పేది ఈ కొండల మీదే.

మా పెరటి గోడ పాతది. రావిమొక్క వేరు దాన్ని నిలువునా చీల్చి, ఏటా కాస్త కాస్త వెడల్పు చేస్తూ వచ్చింది. కుర్రాడు ఆ సందులో కామ్ పెట్టాడు. రెక్కలు రెండు వైపులా ఇటుకల్ని పట్టుకున్నాయి. కాడకి తాడు తగిలించి, "ఇప్పుడు మీరు వేలాడి చూడండి పెదనాన్నా, ఊడితే అడగండి" అన్నాడు.

నాన్న తాడు పట్టుకోలేదు. లోపలికెళ్లి చిన్న సుత్తి తెచ్చాడు. ఆగిన రైలు పక్కన నడుస్తూ చక్రాన్ని తట్టి, ఆ మోత విని పగులుందో లేదో చెప్పే పని ఆయన ఈడువాళ్లందరికీ తెలిసిందే. సందుకి ఎడం వైపు తట్టాడు. కుడి వైపు తట్టాడు. కుడి పక్కన మోత మారింది.

"నా బరువు అరవై కిలోలు. ఈ గోడ మీద ఎంత పడతాదన్నావు?"

"నూట ఇరవై పైన."

"ఇది డొల్ల." మీట వెనక్కి లాగి, రెక్కలు ముడిచి, కామ్ బయటికి తీశాడు. అంటుకున్న సున్నం పంచె అంచుతో తుడిచి కుర్రాడికిచ్చాడు. "కొండ మీద కూడా తట్టి సూస్తారా మీరు?"

"తట్టి చూడమనే చెప్తారు."

"సుత్తితోటా?"

"అరచేత్తో."

నాన్న అరచేత్తో గోడని ఇంకోసారి తట్టి, చెవి ఆనించాడు.