పోలీసు చర్యలో ‘టెంపెస్ట్’ పాత్ర

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సేనలు హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించేనాటికి నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొలువులో సుమారు 22 వేల మంది సైనికులున్నారు. ఫిరంగులు, సాయుధ శకటాలు ఉన్నాయి. వీటికి తోడు కాసిం రజ్వీ నడిపిన రజాకార్ల దండు ఉంది. లేనిదల్లా వైమానిక దళం. ప్రపంచంలోకెల్లా సంపన్నుడని పేరుపొందిన ప్రభువు వద్ద ఆనాడు ఒక్క యుద్ధ విమానమైనా లేదు. ఎదుటి పక్షాన ‘టెంపెస్ట్’లున్నాయి. అందువల్ల ఐదు రోజుల ఆ యుద్ధంలో ఆకాశం ఎవరిదన్న ప్రశ్నే తలెత్తలేదు.

విచిత్రమేమంటే విమానాలపై ధనం వెచ్చించడం నిజాంకు కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ బాంబర్లను బహూకరించినది ఈ ప్రభువే. అవి ఎవరి కానుకో విమానాల మీదనే రాయించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ ‘హైదరాబాదు’ పేరును, 253వ స్క్వాడ్రన్ ‘హైదరాబాదు స్టేట్’ పేరును ధరించాయి. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా కనిపిస్తుంది. దాని నినాదానికి ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అని అర్థం. అది బ్రిటిష్ వారు నిజాంకిచ్చిన బిరుదే. 1940లో జర్మన్ దాడుల నుండి బ్రిటన్ గగనతలాన్ని కాపాడిన దళాలలో ఈ రెండూ ఉన్నాయి. మొదటిది స్పిట్‌ఫైర్లను, రెండవది హరికేన్లను నడిపింది. హరికేన్‌కు రూపకల్పన చేసిన సిడ్నీ కామ్ అనే హాకర్ కంపెనీ ఇంజనీరే తరువాత టెంపెస్ట్‌నూ రూపొందించాడు. హాకర్ వారికి తమ విమానాలకు గాలివానల పేర్లు పెట్టడం ఆనవాయితీ.

2,500 అశ్వశక్తి

టెంపెస్ట్ జెట్ విమానం కాదు. మోటారు కారులో వలె పిస్టన్లు కదిలి ఇరుసును తిప్పగా, ఆ ఇరుసు ముందున్న ప్రొపెల్లర్‌ను తిప్పే పద్ధతి దీనిది. అయితే ఆ పద్ధతిలో చేరుకోదగిన పతాకస్థాయికి దాదాపుగా చేరుకున్న విమానమిది. భారత వైమానిక దళం వాడిన రెండవ రకం టెంపెస్ట్‌లో బ్రిస్టల్ కంపెనీ తయారుచేసిన ‘సెంటారస్’ ఇంజను ఉండేది. ఇరుసు చుట్టూ రెండు వరుసలుగా అమర్చిన 18 సిలిండర్లు, 2,500కు పైచిలుకు అశ్వశక్తి, గంటకు 700 కిలోమీటర్ల గరిష్ఠ వేగం దాని లక్షణాలు. మొదటి నమూనా 1943 జూన్‌లో ఎగిరింది. తూర్పు ఆసియాలో జపాన్‌పై ప్రయోగించాలని బ్రిటిష్ వారు తలపెట్టినప్పటికీ, అది అందివచ్చేలోగా యుద్ధమే ముగిసిపోయింది. 1946 నుండి మన స్క్వాడ్రన్లకు ఇవ్వసాగారు. దేశ విభజన సమయంలో కొన్ని పాకిస్తాన్ వాటాకు వెళ్లాయి.

నేలపైని లక్ష్యాలను కొట్టే విమానానికి వేగం కంటె ముఖ్యమైనది దెబ్బకు తట్టుకోగలగడం. సెంటారస్ ఇంజను గాలితోనే చల్లబడుతుంది. నీటితోనో, మరో ద్రవంతోనో చల్లబడే ఇంజనుకు రేడియేటరే ఆయువుపట్టు. మామూలు తుపాకీ గుండు ఒక్కటి అక్కడ తగిలినా ద్రవం కారిపోయి, కొద్ది నిమిషాలలో ఇంజను పట్టేస్తుంది. గాలితో చల్లబడే ఇంజనుకు ఆ బెడద లేదు. చెట్ల ఎత్తున ఎగురుతూ కింది నుండి వచ్చే కాల్పులను ఎదుర్కోవలసిన పైలట్‌కు ఇదెంత ధైర్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఆయుధాల సంగతి. రెక్కకు రెండు చొప్పున నాలుగు 20 మిల్లీమీటర్ల హిస్పానో ఫిరంగులు. ఒక్కొక్కటి నిమిషానికి సుమారు 750 గుండ్లు కాల్చగలదు. అంటే నాలుగూ కలిసి సెకనుకు దాదాపు 50 గుండ్లు. ఉన్న మందుగుండంతా ఏకబిగిన కాల్చితే పావు నిమిషంలో ఖాళీ! అందుకే పైలట్లు ఒకటి రెండు సెకన్ల చొప్పున ఆచితూచి కాల్చేవారు. లారీలకు, సాయుధ కార్లకు, బండరాళ్ల చాటున పొంచి ఉన్న దళాలకు ఈ ఫిరంగులే చాలు. వీటికి అదనంగా రెక్కకొకటి చొప్పున 1,000 పౌన్ల బాంబులు రెండు మోయగలదు. బాంబులు వద్దనుకుంటే ఎనిమిది రాకెట్లు. ఒక్కొక్క రాకెట్ కొసన 60 పౌన్ల బరువైన పేలుడు భాగం ఉంటుంది.

కాగితం మీది ఈ లెక్కలు చూసి భ్రమపడరాదు. రాకెట్‌కు దారి చూపే యంత్రాంగమేదీ ఆ రోజుల్లో లేదు. విమానాన్ని లక్ష్యం వైపు వాలుగా దించి, గాలివాటు, దూరం, రాకెట్ కిందికి వాలిపోయే తీరు అన్నీ పైలటే అంచనా వేసుకుని మీట నొక్కాలి. 1944 ఆగస్టులో ఫ్రాన్సులోని మోర్తాన్ వద్ద, టెంపెస్ట్‌కు ముందు తరానికి చెందిన టైఫూన్ విమానాలు ఎన్నో జర్మన్ టాంకులను ధ్వంసం చేశామని చెప్పుకున్నాయి. తరువాత నిపుణులు యుద్ధభూమికి వెళ్లి పరిశీలించగా నిజంగా రాకెట్ల దెబ్బకు పోయిన టాంకులు బహు కొద్దిగా తేలాయి. అయితే వదిలేసి పారిపోయిన వాహనాలు అనేకం కనిపించాయి. ఈ విమానాల అసలు బలం అక్కడుంది. అవి తిరగబెట్టి కొట్టలేని సైన్యపు గుండెను ముందు కొడతాయి.

రాత్రి విమానాలు, పగటి విమానాలు

హైదరాబాదుకు గగనతల సాయం బొత్తిగా అందలేదనడానికి వీల్లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ 1948లో కరాచీ నుండి రాత్రివేళల్లో ఆయుధాలు తెచ్చి బీదర్, వరంగల్లు విమానాశ్రయాలలో దించాడు. అందుకు అతడు వాడినవి లాంకాస్ట్రియన్ విమానాలు. లాంకాస్టర్ బాంబర్‌నే మార్చి చేసిన నాలుగింజన్ల రవాణా విమానమది. దానివీ పిస్టన్ ఇంజన్లే. మన టెంపెస్ట్‌లకు రాడార్ లేదు. చీకట్లో వచ్చిపోయే విమానాన్ని వెదికి పట్టడం వాటివల్ల అయ్యే పని కాదు. వచ్చే విమానాన్ని ఆపలేనప్పుడు అది దిగే చోటును చెడగొట్టడమే మార్గం. చర్య ప్రారంభం కాగానే వరంగల్లు, బీదర్ విమానాశ్రయాలపై బాంబులు పడడంలోని ఆంతర్యం ఇదే. కాటన్‌కు తరువాత బ్రిటన్ న్యాయస్థానం విధించిన జరిమానా 200 పౌన్లు మాత్రమే.

నేల మీద ప్రధాన దళాలు నడిచిన బాట ఈనాటి పాఠకులకు సుపరిచితమే. షోలాపూరు నుండి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో ఒకటి, బెజవాడ వైపు నుండి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో మరొకటి బయలుదేరాయి. ఇప్పుడు పూణె నుండి మచిలీపట్నం వరకు సాగే 65వ నెంబరు జాతీయ రహదారి దాదాపుగా ఈ రెండు దారులను కలిపినదే. ఒకే రోడ్డు మీద బారులు తీరిన టాంకులు, లారీలు రాళ్లగుట్టల నడుమ ఆగిపోతే దళం యావత్తూ చిక్కుబడుతుంది. పశ్చిమాన సెప్టెంబరు 14న సరిగ్గా ఆ ప్రమాదమే ఎదురైంది. ఉమర్గా దాటి రాజేశ్వర్‌కు పోయే దారిలో శత్రువులు కందకాలు తవ్వుకుని పొంచి ఉన్నట్లు విమానాల నుండి జరిపిన పరిశీలనలో బయటపడింది. టెంపెస్ట్‌లను పిలిపించారు. వాటి దాడితో దారి తెరుచుకుంది. సాయంత్రానికి సేన రాజేశ్వర్ చేరింది.

తూర్పున ప్రతిఘటన మరింత గట్టిగా ఉంది. టాంకులను అడ్డగించే కందకం, సూర్యాపేటకు కొద్ది కిలోమీటర్ల ఇవతల గుట్టల మీది నుండి కాల్పులు బెజవాడ దళాన్ని నిలువరించాయి. మర్నాడు గగనతలం నుండి జరిగిన దాడులు సూర్యాపేట రక్షణను చాలావరకు దెబ్బతీశాయి. వెనుదిరిగిన నిజాం సేనలు మూసీ వంతెనను కూల్చినా, దానికి కాపుగా కాల్పులు జరపలేకపోయాయి. మరమ్మతు త్వరగానే ముగిసింది. 17వ తేదీ నాటికి ఒక సేన బీదర్‌లోను, మరొకటి చిట్యాలలోను ఉన్నాయి. ఆ సాయంత్రమే నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎడ్రూస్ చౌధురికి లొంగిపోయాడు. మరొక విశేషం చెప్పుకోవాలి: అప్పటికి భారత సైన్యానికి, వైమానిక దళానికి కూడా అధిపతులు ఆంగ్లేయులే.

విజయం సాధించినది టెంపెస్టేనని అనడం అతిశయోక్తి. చౌధురి టాంకులు, పదాతి దళాలు లేనిదే అది సాధ్యపడేది కాదు. కాని అవి ఐదు రోజుల్లోనే గమ్యం చేరడానికి దారి తెరిచినది ఈ విమానమే. రోడ్డు మీద, మిట్టల మీద కనిపించే శత్రువు వరకే దాని శక్తి పరిమితం. ఆపై గ్రామాలలో జరిగినది విమానం కంటికి కనిపించేది కాదు. చర్య అనంతరం హత్యాకాండలో ప్రాణాలు కోల్పోయినవారు కనీసం 27 వేల నుండి 40 వేల వరకు ఉంటారని పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక చాలా దశాబ్దాలు వెలుగు చూడలేదు. కమ్యూనిస్టు దళాలతో తెలంగాణ గ్రామాలలోను, అడవులలోను సైన్యం సాగించిన పోరు 1951 వరకు కొనసాగింది. సెకనుకు 50 గుండ్లు కాల్చే యంత్రం తేల్చగల సమస్య కాదది.

టెంపెస్ట్ ప్రాభవం ఎక్కువ కాలం నిలవలేదు. పోలీసు చర్య ముగిసిన రెండు నెలల్లోపే, 1948 నవంబరులో, మొదటి వాంపైర్ జెట్లు భారతదేశానికి చేరుకున్నాయి. 1953లో టెంపెస్ట్‌లను ఉపసంహరించారు. బెంగుళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం సొంతంగా రూపొందించిన హెచ్.టి-2 అప్పటికి రెండేళ్ల క్రితమే ఎగిరింది. అది కూడా పిస్టన్ ఇంజనుదే గాని, శిక్షణకు ఉద్దేశించినది.

ఢిల్లీలో పాలం వద్దనున్న వైమానిక దళ మ్యూజియంలో ఒక టెంపెస్ట్‌ను నేటికీ చూడవచ్చు. మన దళం వాడిన మరొకటి బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం సేకరణలో చేరింది. నిజాం బహూకరించిన డి.హెచ్.9ఎ బాంబర్ ఒకటి సైతం అదే సేకరణలో ఉంది. 1918 అక్టోబరు 5న జర్మన్ల చేత చిక్కిన ఆ విమానం బెర్లిన్‌లో ప్రదర్శనకు నిలిచి, అనంతరం పోలెండ్ చేరింది. 1977లో బ్రిటిష్ వారు ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి దానిని వెనక్కు తెచ్చుకున్నారు.