కంప్యూటరు తెరయు పరిసర చరరాశులును

గత సంవత్సరము మన పాఠశాల దినోత్సవమునాడు జరిగిన యొక సంగతితో ఈ వ్యాసమును మొదలిడవలసియున్నది. అందు తప్పు మాది. ఆ తప్పును నలుగురి యెదుట చేసితిమి గనుక నలుగురు చదువు పత్రికయందే ఒప్పుకొనుట న్యాయమని తోచినది.

పదవ తరగతి బాలిక యొకతె సీ భాషలో హాజరుపట్టిక ప్రోగ్రాము నొకదానిని వ్రాసెను. ఆమె తండ్రి గనిలో భూగర్భ కార్మికుడు. బాయిలో దిగుటకు ముందు ముస్టరు పడుట యను మాట ఆమె పుట్టినది మొదలు వినుచున్నదే కనుక, తన ప్రోగ్రామునకును 'ముస్టరు' అనియే పేరు పెట్టెను. తెరమీద గీతలతో కట్టిన చక్కని పెట్టె. అందు పేర్లు, షిఫ్టులు. బాణపు మీట నొక్కగా పేరునుండి పేరునకు జరుగు వెలుగుపట్టీ. వ్రాసినదానిని భద్రపరచుటకు ఎఫ్5 మీట. విడిచిపోవుటకు ఎస్కేప్ మీట. మా గదిలోని లినక్సు యంత్రముపై అది ముచ్చటగా నడిచెడిది.

దినోత్సవమునాడు జనము ఎక్కువగా వత్తురని తలచి, ఆ యంత్రమును గదిలోనే యుంచి, సభామందిరములోని వేరొక కంప్యూటరునుండి పుట్టీ యను ప్రోగ్రాము మూలముగా దానితో సంబంధము కల్పించితిమి. బాలిక తండ్రి తన షిఫ్టును మరియొకరితో మార్చుకొని వచ్చి ముందువరుసలో నిలిచెను. ప్రోగ్రాము తెరచుకొనెను. గీత లుండవలసిన చోట అడ్డముగా క్యూ యను ఆంగ్లాక్షరములు బారులు తీరి యుండెను, నిలువుగా ఎక్స్‌లు, పై మూలలయం దొకవైపు ఎల్, మరియొకవైపు కే. "పరీక్షించి చూడకుండ ఎట్లు తెచ్చితివి?" అని మేము అందరు వినుచుండగా అంటిమి. ఆమె బదులు చెప్పలేదు. తండ్రి తెరవంకను, మావంకను చూచి, కొంతసేపటికి వెలుపలికి పోయెను.

ఆమె వ్రాసినదానిలో ఒక్క అక్షరమైనను తప్పు లేదని మూడు దినములకుగాని మాకు తెలియలేదు.

ఇంక విషయమునకు వత్తము. హాలేజి ఇంజను నడుపువానికి ఇంక్లైనులోపలి టబ్బులు కనబడవు. తీగవెంట వచ్చు గంటయే అతనికి కన్ను. టబ్బులు కదలుచుండగా ఒక గంట మ్రోగినచో ఆపవలెను. క్రిందివాడు తప్పు గంట కొట్టెనా, ఇంజనెంత మంచిదైనను, నడుపువాడెంత నేర్పరియైనను, పని చెడక మానదు. కంప్యూటరు తెరమీద పెట్టెలు, పట్టికలు గీయుటకు ప్రోగ్రాము వ్రాయువారు వాడు ఎన్‌కర్సెస్ అను లైబ్రరీ స్థితియు నట్టిదే. లైబ్రరీ యనగా నిచట గ్రంథాలయము గాదు. ఇతరులు ముందే వ్రాసి సిద్ధపరచిన పనిముట్ల పెట్టె. ఈ లైబ్రరీ తెరను చూడలేదు. తెర యెట్టిదో దానికి మనము చెప్పవలెను. చెప్పినదానిని అది నమ్మును.

ఈ చెప్పుట యేల అవసరమైనదో తెలియుటకు కొంచెము వెనుకకు పోవలెను. 1970ల యందు ఒక పెద్ద కంప్యూటరునకు పలు టెర్మినళ్లను తగిలించి వాడెడివారు. టెర్మినల్ అనగా తెరయు మీటల పలకయు మాత్రమే. ఒక్కొక్క కంపెనీ టెర్మినల్‌ది ఒక్కొక్క భాష. కర్సరును, అనగా వ్రాయుచోటు చూపు గుర్తును, పదవ వరుసకు జరుపుమని చెప్పుటకు ఏడీఎం-3ఏ అను టెర్మినల్‌కు ఒక అక్షరముల వరుస, 1978లో డిజిటల్ కంపెనీవారు వెడలించిన వీటీ100కు వేరొక వరుస పంపవలసియుండెను. ఒకదానికి చెప్పినది మరియొకదానికి పిచ్చిమాట. బర్కిలీ విశ్వవిద్యాలయమున బిల్ జాయ్ తన వీఐ యను ఎడిటరుకొరకు టెర్మినళ్ల లక్షణములను ఒక పట్టికగా వ్రాయు పద్ధతిని కల్పించెను. 1980 ప్రాంతమున కెన్ ఆర్నాల్డ్ అచ్చటనే కర్సెస్ అను లైబ్రరీని నిర్మించెను. దానినుండి వచ్చిన సంతతిలోనిదే 1993లో వెలువడిన ఎన్‌కర్సెస్. అందలి మొదటి అక్షరము 'క్రొత్త' అను అర్థము గలది. ఇనుప టెర్మినళ్లు దాదాపుగా అంతరించినవి. నేడు మనము కిటికీవలె తెరచు టెర్మినల్, ఆ పాతవాని వేషము వేసికొన్న ప్రోగ్రాము మాత్రమే. వేషముతోపాటు భాషయు మిగిలినది.

మనము లైబ్రరీకి మాట చెప్పుటకు గల మార్గమే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. తెలుగున పరిసర చరరాశి యనవచ్చును. బీజగణితములో ఎక్స్ అను అక్షరమునకు ఒక విలువ నిచ్చినట్లే, ఇచ్చట ఒక పేరునకు ఒక విలువ నిత్తుము. పేరు, సమానపు గుర్తు, విలువ — ఈ మూటి నడుమ ఖాళీ యుండరాదు. ఎక్స్‌పోర్టు అను ఆజ్ఞను ముందు చేర్చినచో, అటుపిమ్మట అదే టెర్మినల్‌నుండి మొదలైన ప్రోగ్రాములన్నిటికి ఆ విలువ సంక్రమించును. ఇది తండ్రి ఆస్తి బిడ్డలకు వచ్చినట్లు. బిడ్డ తన పాలును మార్చుకొన్నను తండ్రిదానికి మార్పు కలుగదు. ఎక్స్‌పోర్టు లేకుండ, పేరును విలువను ప్రోగ్రాము పేరునకు ముందు అదే పంక్తిలో వ్రాసినచో, ఆ ఒక్క నడకకు మాత్రమే అది చెల్లును. ప్రయోగములు చేయు పిల్లలకు ఈ రెండవ మార్గమే క్షేమము. ఇంకొక మాట: లైబ్రరీ ఈ విలువలను ప్రోగ్రాము మొదలగునప్పుడు చదువును గాని, నడుచుచుండగా మరల వచ్చి అడుగదు.

వీనిలో మొదటిది టెర్మ్ అనునది; టి, ఇ, ఆర్, ఎమ్ అను నాలుగు పెద్ద అక్షరములు. ఇది టెర్మినల్ జాతి పేరు. లైబ్రరీ ఈ పేరును పట్టుకొని టెర్మిన్‌ఫో అను పట్టికలో వెదకును. అందు వేయికి మించిన టెర్మినళ్ల వర్ణనలు గలవు: తెరను తుడుచుట యెట్లు, రంగు మార్చుట యెట్లు, ఎఫ్5 నొక్కినచో ఏ అక్షరములు వచ్చును — ఇట్టివి. పేరు దొరకనిచో టెర్మినల్‌ను తెరవజాలనని చెప్పి ప్రోగ్రాము ఆగిపోవును. పట్టిక వేరొక చోట నున్నచో టెర్మిన్‌ఫో అను పేరుగల చరరాశిద్వారానే ఆ తావును తెలుపవచ్చును. లైబ్రరీ ముందుగా అచ్చట చూచి, పిమ్మట మన సొంత డైరెక్టరీలోను, ఆ పిమ్మట యంత్రమునకు ఉమ్మడియైన చోట్లను చూచును.

పేరు దొరకకపోవుటకంటె తప్పు పేరు దొరకుట ఎక్కువ ప్రమాదము. ఇది మా యనుభవము. దినోత్సవపు మరునాడు మేము టెర్మ్ విలువను 'ఎక్స్‌టెర్మ్' నుండి 'లినక్స్' అని మార్చితిమి. క్యూలు, ఎక్స్‌లు మాయమై గీతలు వచ్చెను. సంతోషించితిమి. బాలికను పిలిచి చూపుచు ఎఫ్5 నొక్కగా, వ్రాసినది భద్రపడుటకు మారుగా ప్రోగ్రామే ముగిసిపోయెను! కారణ మేమనగా, పుట్టీ పంపు ఎఫ్5 అక్షరముల వరుస వేరు, లినక్స్ అను పేరుక్రింద పట్టికలో వ్రాసియున్న ఎఫ్5 వరుస వేరు. తెలియని వరుస వచ్చినందున లైబ్రరీ దానిని విడివిడి అక్షరములుగా ప్రోగ్రామునకు అప్పగించెను. అందు మొదటిది ఎస్కేప్. ఎస్కేప్ అనగా విడిచిపొమ్మని గదా బాలిక వ్రాసినది. ఒక రోగమునకు వేసిన మందు మరియొక రోగమును తెచ్చినట్లాయెను.

ఇచ్చటనే ఎస్కేప్ సంగతి మరికొంత చెప్పవలెను, ఏలయన పిల్లలు తరచుగా అడుగు ప్రశ్న యిది: ఎస్కేప్ నొక్కినపిమ్మట ప్రోగ్రాము ఒక క్షణము ఆలోచించుచున్నట్లు నిలిచిపోవు నేమి? బాణపు మీటలు మొదలగువానిని నొక్కగా పోవునది ఒక్క అక్షరము గాదు. ఎస్కేప్‌తో మొదలగు మూడు నాలుగు అక్షరముల వరుస. ఎస్కేప్ రాగానే లైబ్రరీకి సందేహము: ఇది ఒంటరి ఎస్కేపా, లేక వెనుక ఇంకను వచ్చుచున్నవా? కావున కొంతసేపు వేచియుండును. ఆ సేపే ఎస్క్‌డిలే అను చరరాశి. మన మేమియు చెప్పనిచో 1000 మిల్లీసెకండ్లు, అనగా ఒక పూర్తి సెకండు. యంత్రము మన యెదుటనే యున్నచో 25 అని పెట్టినను చాలును. దూరమునుండి నెమ్మదియైన తీగమీద పనిచేయువారు అంత తగ్గించినచో, బాణపు మీట ముక్కలుగా విరిగి వచ్చినట్లు తోచి, ప్రోగ్రాము దానిని ఎస్కేప్ అని భ్రమించును.

లైన్స్, కాలమ్స్ అనునవి తెరయొక్క అడ్డు వరుసల, నిలువు వరుసల సంఖ్యలు. సాధారణముగా లైబ్రరీ వీనిని యంత్రమునే అడిగి తెలిసికొనును గాన మనము ముట్టనక్కరలేదు. ముట్టితిమా, యంత్రము చెప్పినది త్రోసివేసి మనము చెప్పినదే నమ్మును. వీటీ100 కాలమునాటి 24, 80 అను అంకెలను ఎవరో ఒకప్పుడు ఎక్స్‌పోర్టు చేసి మరచిపోయినచో, కిటికీని ఎంత పెద్దది చేసినను ప్రోగ్రాము ఒక మూలనే ముడుచుకొని కూర్చుండును. రంగుల విషయమున నొకటి గలదు: ఎన్‌కర్సెస్ అస్యూమ్డ్ కలర్స్. తెర సహజముగా నల్లనిదనియు, అక్షరములు తెల్లనివనియు లైబ్రరీ తలచును. 2,0 అని వ్రాసినచో నల్లనిదానిమీద ఆకుపచ్చ యనుకొనును.

ఇక మూడవ దినమున దొరకినది. వీటీ100 టెర్మినల్ గీతలు గీయుటకు ఒక ఉపాయము గలది: ఒక సంజ్ఞ నంపినంతట అది వేరొక అక్షరమాలకు మారును, ఆ మాలలో క్యూ యనగా అడ్డగీత, ఎక్స్ అనగా నిలువుగీత, ఎల్ అనగా ఎడమ పై మూల. ఎన్‌కర్సెస్ నేటికిని ఈ మార్గమునే వాడును. కాని తెర యూనికోడు పద్ధతిలో, అనగా యూటీఎఫ్-8లో, ఉన్నప్పుడు కొన్ని టెర్మినళ్లు ఈ అక్షరమాల మార్పు సంజ్ఞను పాటింపవు. అప్పుడు క్యూ క్యూగానే కనబడును. ఇట్టివానికొరకు ఏర్పరచినదే ఎన్‌కర్సెస్ నో యూటీఎఫ్8 ఏసీఎస్ అను చరరాశి. మాటల నడుమ అడుగుగీత చేర్చవలెను. దీనికి 1 అను విలువ నిచ్చినచో, లైబ్రరీ ఆ పాత ఉపాయమును మాని, యూనికోడులోని గీతలనే పంపును. మేము టెర్మ్‌ను మరల ఎక్స్‌టెర్మ్‌గా మార్చి, ఈ ఒక్క పంక్తిని చేర్చితిమి. పెట్టె నాలుగు గీతలతో నిలిచెను. ఎఫ్5 భద్రపరచెను. ఆ దినమే తరగతిలో, పాఠమునకు ముందు, తప్పు ప్రోగ్రాముది గాదనియు, సభామందిరమున యంత్రమును అమర్చిన మాదేననియు చెప్పితిమి. ఆ బాలిక అప్పుడును ఏమియు మాటలాడలేదు గాని, చరరాశి పేరును తన నోటుపుస్తకపు అట్టమీద వ్రాసికొనెను.

చరరాశులతో తీరని చిక్కు ఒకటి మిగిలినది; అది మన భాషది. తెలుగు లిపి 1991లోనే యూనికోడు మొదటి కూర్పున చేరినది. లినక్సును తెలుగున తెచ్చుటకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంఘమువారు పాటుపడిరి. లాంగ్, ఎల్‌సీ ఆల్ అను చరరాశులలో యూటీఎఫ్-8 అని తెలిపి, ఎన్‌కర్సెస్ యొక్క విశాలాక్షర రూపమును వాడినచో, టెర్మినల్‌లో తెలుగు కనబడును. అయినను తెర గళ్ల కాగితమువంటిది. ఒక్కొక్క సంకేతమునకు ఇన్ని గళ్లని లెక్క యున్నది. 'స్వామి' యను పేరు మన కంటికి రెండక్షరములు. లెక్కలో స ఒక గడి, పొల్లు సున్న, వ ఒక గడి, దీర్ఘము సున్న, మ ఒక గడి, గుడి సున్న. వెరసి మూడు గళ్లు. 'రాము' అనుదానిలో కొమ్మునకు సైతము ఒక గడి పడును గనుక అదియు మూడే. అక్షరములు గీయు టెర్మినల్ ఈ లెక్కను పాటింపనిచో పేర్ల వెనుక నున్న గీత ఒక్కొక్క వరుసలో ఒక్కొక్కచోటికి జరిగిపోవును. మొదట ఈ వంకరను చూచి దీనికిని ఏదో చరరాశి యుండునని మేము రెండు వారములు వెదకితిమి. లేదు.

ఆ తరువాతి వారపు సెలవునాడు బాలిక తండ్రి పాఠశాలకు వచ్చెను. మేము పిలిచితిమి, రాడేమో యనుకొంటిమి. సభామందిరములోని ఆ కంప్యూటరుమీదనే ఆమె ప్రోగ్రామును నడిపి చూపెను. అతడు బాణపు మీటలతో పేర్లన్నియు ఒకసారి పైనుండి క్రిందికి చూచి, బాయిలోని తన జట్టువారి పేర్లు ఇందు వ్రాయవచ్చునా యని అడిగెను.

"ఇంగ్లీషులో అయితే వ్రాయవచ్చును, బాపూ," అని ఆమె చెప్పెను. "తెలుగులో ఇంకను గీత కలియుట లేదు."